తగ్గింది

జూన్ 3, మంగళవారం

అసహ్యం. ఇవాళ రాయడానికి ఇంకో మాట తోచడం లేదు.

పొద్దున పర్సనెల్ సెక్షన్ నుంచి పిలుపు వస్తే బాయిలర్‌ని రెండో అటెండెంటుకి అప్పజెప్పి వెళ్ళాను. అక్కడి గుమాస్తా అమ్మాయి కుర్చీ చూపించి, "కూర్చోండి బాబాయిగారూ, నెలాఖరుకి మీ రిటైర్మెంటు కదా. మీతోపాటే మీ ఇద్దరి హెల్త్ కార్డు కూడా రిటైరు" అంది. తన జోకుకి తనే నవ్వుకుంది.

"ఇన్నాళ్ళూ జీతంలోంచి కోశారుగా?" అన్నాను.

"కోసినంత కాలం ఉంటుంది. కోత ఆగితే కార్డూ ఆగుతుంది."

రెండు దార్లున్నాయట. కంపెనీ పాలసీనే సొంత పాలసీగా మార్పించుకోవడం ఒకటి. నెలాఖరులోపు అర్జీ పెట్టాలి. ఇన్నేళ్ళూ లెక్కలోకి వస్తాయి కాబట్టి పాత జబ్బులకి మళ్ళీ ఎదురుచూపు ఉండదు. కానీ ఉన్న జబ్బులన్నీ చెప్పాలి, డాక్టరు ఉత్తరం జతచెయ్యాలి. రెండోది, బయట కొత్తది కొనుక్కోవడం. చవక. కాకపోతే ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్ళదాకా పైసా రాలదు, దాచారని తేలితే ఎప్పటికీ రాలదు.

"మీకేం భయం లెండి, పిన్నిగారికి ఏమీ లేదుగా. మీరు చెప్పే గుండె వాల్వ్ సాక్ష్యం గురించి మా అమ్మ చెప్పింది. మీ ప్రార్థన మీటింగుల్లో ముందు వరసలో కూర్చుంటుంది."

'ఏమీ లేదు' అని నేను అనలేదు. తల ఊపాను. ఎటు ఊపానో ఆ అమ్మాయి తనే అర్థం చేసుకుంది.

చేతినిండా బ్రోషర్లు ఇచ్చి పంపింది. బాయిలర్ హౌస్‌లో నీటిమట్టం చూపే గాజు గొట్టం పక్కన కూర్చుని అన్నీ చదివాను. ప్రతిదాని మీదా ఒక ముసలి జంట. ఆ పళ్ళు వాళ్ళవి కావు, ఆ నవ్వూ వాళ్ళది కాదు. 'ఆసుపత్రి ఖర్చు మొత్తం మాదే' అని అరచెయ్యంత అక్షరాలు. దాని తోకకి ఒక నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రాన్ని వెతుక్కుంటూ పేజీ అడుగుకి వెళ్తే చీమల బారు: గది అద్దెకి ఇంతవరకే, కంటికి ఇంతవరకే, మోకాలికి ఇంత, గుండెకి ఇంత, ఆ పైన అయిదో వంతు మీ జేబులోంచి. దేవుడు మట్టితో చేసిన మనిషిని కసాయి కొట్టులో ముక్కలుగా వేలాడదీసి, ముక్కకో చీటీ తగిలించారు.

సగం వాక్యం చదివి బోధించేవాడు దొంగ అని వేదిక మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నాను! వీళ్ళు అచ్చుయంత్రం పెట్టి మరీ సగం వాక్యాలు అమ్ముతున్నారు.

బీమా అంటే భయానికి కట్టే కప్పమని బోధించాను. ఇప్పటికీ అదే అంటాను. కంపెనీ కోసుకున్నది వేరు. అది నేను కట్టింది కాదు.

మా ఆవిడకి ఏమీ లేదు. మెట్లెక్కితే ఆయాసం. అది వయసు.

జూన్ 4, బుధవారం

బ్రోషర్లన్నీ బాయిలర్‌లోకి తోసేద్దామనుకున్నాను. తొయ్యలేదు.

జూన్ 6, శుక్రవారం

సాయంత్రం బావమరిది వచ్చాడు. అంబులెన్స్ నడుపుతాడు. బండిని సందు మొదట్లో ఆపి వస్తే వీధి వీధంతా మా ఇంటివైపే చూస్తుంది, ఎవరికేమైందోనని.

"ఏం బావా, పరలోకంలో బెడ్డు ఖాయమైందట. ఇహలోకం సంగతేంటి?"

"నువ్వు నోరు మూసుకుని టీ తాగు."

"నోరు మూసుకుని టీ ఎట్లా తాగుతారు? అది కూడా మీ ప్రార్థనల్లో నేర్పుతారా?"

మా ఆవిడ కుట్టుమిషన్ దగ్గర తల వంచుకుని నవ్వింది. స్కూలు పిల్లల చొక్కాలు కుడుతోంది. తమ్ముడు ఏమన్నా ఆవిడకి నవ్వే.

వాడు గ్లాసు కింద పెట్టి గొంతు మార్చాడు. "నిజంగా అడుగుతున్నా బావా. రోజూ చూస్తున్నాను. స్ట్రెచర్ దించకముందే కార్డు అడుగుతారు. లేదంటే డిపాజిట్ కట్టమంటారు. మా అక్కని ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టి నువ్వు పాట అందుకుంటావా?"

"మీ అక్కకేం లేదురా. తగ్గింది."

"ఓహో. మరి ఆ బొత్తాల డబ్బాలో ఉన్నవి ఏ చొక్కాకి కుట్టేవి?"

లేచి బయటికి వచ్చేశాను.

ఆ మాత్రలు ఎక్కడ పెట్టుకుంటుందో నాకు తెలీదు. బొత్తాల డబ్బాలో, తెల్ల బొత్తాల కింద. నాకు తెలీదు. అయినా అవి బలం మాత్రలు. పాలూ పళ్ళూ లాంటివే.

జూన్ 8, ఆదివారం

ప్రార్థన హాలు నిండింది. బోధ అయ్యాక ఎప్పటిలాగే వెనక నుంచి కేక: "వాల్వ్ సాక్ష్యం చెప్పండి అయ్యగారూ!"

కేకేసేది ఎప్పుడూ ఒక్కడే. ఇన్సూరెన్స్ ఏజెంటు. దేనికైనా హాలు అదిరేలా ఆమెన్ అంటాడు కాబట్టి అందరూ అతన్ని ఆమెన్ అనే పిలుస్తారు. ఫ్యాను వేసినా ఆమెన్, చెప్పులు దొరికినా ఆమెన్.

చెప్పాను. ఆవిడ గుండెలో వాల్వ్ మూసుకుపోవడం, కొయ్యాలి అన్న డాక్టరు, మా ఉపవాసం, మా మొర. మళ్ళీ వెళ్తే డాక్టరు కొత్త స్కానింగ్ ఫోటోని వెలుతురుకి పెట్టి చూసి, కళ్ళజోడు తీసి, ఒకటే మాట అన్నాడు: తగ్గింది! అక్కడ ఆగుతాను. ప్రతిసారీ అక్కడే. ఆ ఒక్క మాటకి హాలు దద్దరిల్లుతుంది.

డాక్టరు ఆ తర్వాత కూడా ఏదో అన్నాడు. ఫ్యాను చప్పుడులో సరిగా వినపడలేదు.

సాక్ష్యం చెప్పినంతసేపూ ఆవిడ ఆడవాళ్ళ వరసలో కూర్చుని బట్టలకంటిన దారప్పోగులు ఏరుకుంటూ ఉంటుంది. కుట్టుపని చేసేవాళ్ళకి అదొక అలవాటు.

మీటింగ్ అయ్యాక ఆమెన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "రిటైరవుతున్నారట. మీలాంటి దైవజనులకి నేనుండగా చింతేంటండీ? కొత్త పాలసీ ఉంది, చవక. జబ్బు లేనివాళ్ళకయితే మరీ చవక. మీ ఇంట్లో జబ్బుకి చోటెక్కడుంది?"

"నాకు బీమాలు పట్టవు."

"మీకు కాదండీ, అమ్మగారికి."

అమ్మగారికి. అలా అంటే వేరు.

జూన్ 11, బుధవారం

ఆమెన్ ఇంటికొచ్చాడు. ఫోన్‌లో పాలసీ ఫారం పేజీలు తిప్పుతూ తనే అడుగుతాడు, తనే జవాబిచ్చుకుంటాడు. "సిగరెట్? ఛఛ, లేదు. మందు? రామ రామ..." అని నాలుక కరుచుకున్నాడు. "పాత అలవాటండీ, క్షమించండి. గుండె జబ్బు? లేదు. లేదని హాలు మొత్తం సాక్షి!" అని వేలితో కొట్టేశాడు.

నేను నోరు విప్పలేదు. అబద్ధం నేను ఆడలేదు. అతను నొక్కాడు. అతను కూడా ఆడలేదు, విన్నదే నొక్కాడు. అబద్ధం ఆడినవాడే లేడు ఆ గదిలో.

ఆవిడ టీ తెచ్చి, గ్లాసులు పెట్టి, నావైపు ఒకసారి చూసి వెళ్ళింది.

ఛీ.

జూన్ 12, గురువారం

బాయిలర్‌కి నీళ్ళు తోడే ఫీడ్ పంపు పక్కన ప్లాస్టిక్ సంచిలో ఉండే గ్రంథాన్ని తీశాను. నూనె చేతులతో నలభై చోట్ల మరకలున్న గ్రంథం. బడి మానేసినవాణ్ణి, చదవడం నేర్పిందే అది. దారి చూపమని కళ్ళు మూసుకుని తెరిస్తే వంశావళి వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు. మళ్ళీ తెరిచాను. గుడారం కొలతలు. మళ్ళీ తెరవలేదు. మూడోసారి ఏం తగులుతుందోనని జంకాను.

జూన్ 16, సోమవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. ఆవిడ ఫోన్ మోగింది. చేతిలో చొక్కా ఉందని స్పీకర్ పెట్టి మిషన్ మీద ఉంచింది. కొత్త పాలసీ కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి. "మేడమ్, మీ మాటలు రికార్డ్ అవుతాయి, కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఉంది, లేదు అని చెప్తే చాలు" అంది.

షుగర్? లేదు. ఆపరేషన్లు? లేవు. ఆవిడ చొక్కాకి బొత్తాం కుడుతూనే చెప్తోంది.

"గుండెకి సంబంధించి ఏదైనా ఉందా మేడమ్?"

నేను గుమ్మంలో తడి కాళ్ళతో నిలబడ్డాను. 'లేదు' అను అని నేను సైగ చెయ్యలేదు. చెయ్యి పైకి లేచింది, అంతే. దేనికి లేచిందో నాకు తెలీదు.

ఆవిడ సూది ఆపింది. "వాల్వ్ ఉండేదమ్మా. తగ్గింది."

"తగ్గిందంటే, ఇప్పుడు లేదని రాసుకోనా మేడమ్?"

"తగ్గిందమ్మా. పోలేదు."

"మందులు వాడుతున్నారా?"

"వాడుతున్నాను. రెండు పూటలా."

అమ్మాయి థాంక్యూ చెప్పి పెట్టేసింది. ఆవిడ పంటితో దారం తెంపి, ఇంకో బొత్తాం తీసుకుంది.

జూన్ 17, మంగళవారం

నిన్నటి మిగతాది.

"ఎంత పని చేశావే!" అన్నాను. గొంతు లేచింది. వేదిక గొంతు. ఆ గదికి అది ఎక్కువ.

"అడిగింది. చెప్పాను."

"డాక్టరు తగ్గింది అన్నాడా లేదా?"

"అన్నాడు. 'తగ్గింది, పోలేదమ్మా, మాత్రలు మానొద్దు, ఎప్పటికైనా వాల్వ్ మార్చాల్సిందే' అన్నాడు. మీరు మొదటి మాట జేబులో వేసుకుని వచ్చేశారు."

"ఫ్యాను చప్పుడులో నాకు..."

"ఫ్యానా? ఆ గదిలో ఫ్యానే లేదండీ. ఉక్కపోసి మీరు ఫైలుతో విసురుకున్నారు."

ఆ బ్రోషర్ల మీద పడ్డాను. నక్షత్రాలు పెట్టి జనాన్ని ముంచేవాళ్ళకి అన్నీ విప్పి చెప్పాలా అని అరిచాను.

"మీరూ పెట్టారుగా" అంది నెమ్మదిగా. "పెద్దక్షరాలు వేదిక మీద. చీమ అక్షరాలు బొత్తాల డబ్బాలో."

సూదిని చొక్కాకి గుచ్చి అంది: "మీ బాయిలర్‌లో ఒత్తిడి తగ్గితే నిప్పు ఆరిపోయినట్టేనా? సేఫ్టీ వాల్వ్ ఏ కాస్త కారినా ఇనస్పెక్టరు అడక్కముందే రాసి సంతకం పెడతారు. మళ్ళీ ఇంటికొచ్చి గొప్పగా చెప్తారు కూడా. అది ఇనప వాల్వ్. నాదానికి మాత్రం సాక్ష్యమా?"

ఆవిడ ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. రెండుసార్లూ నేను గోడవైపు చూశాను.

జూన్ 18, బుధవారం

అసహ్యం. ఎవరిమీదో రాయలేదు.

జూన్ 19, గురువారం

కొత్త పాలసీవాళ్ళు వద్దన్నారు. ఆమెన్ ఫోన్ చేసి దాదాపు ఏడ్చాడు. "కారణం చెప్పలేదండీ దుర్మార్గులు! ఇది సైతాను పని కాక ఇంకేంటి? ఇంకో కంపెనీలో వేద్దాం."

"వద్దులే" అన్నాను.

"మీ విశ్వాసం గొప్పదండీ. ఆమెన్!"

ఒక మనిషి నన్ను పొగుడుతుంటే ఒళ్ళు జలదరించడం ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం గుమాస్తా అమ్మాయి తనే బాయిలర్ హౌస్ గుమ్మం దాకా వచ్చింది, వేడికి మొహం పక్కకి తిప్పుకుని. "బాబాయిగారూ, మార్పించుకునే అర్జీ ఇంకా పెట్టలేదు మీరు. నెలాఖరు దాటితే నేనూ ఏం చెయ్యలేను. ఇన్నేళ్ళ సర్వీసూ నీళ్ళల్లో పోసినట్టే" అని కాగితం ఇచ్చి వెళ్ళింది.

అందులో ఒక గడి ఉంది: ప్రస్తుతం ఉన్న వ్యాధులు. అది నింపిన కాగితం ఆ అమ్మాయి చేతికే ఇవ్వాలి. ఆ అమ్మాయి అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ముందు వరసకి తెలిస్తే వెనక వరసకి తెలియడానికి ఒక పాట పాడినంత సేపు పట్టదు.

కాగితం పనిముట్ల బీరువాలో, పెద్ద పానాల కింద పెట్టాను.

జూన్ 20, శుక్రవారం

డాక్టరు ఉత్తరం ఆవిడ తెచ్చేసుకుంది. తమ్ముడి బండిలో వెళ్ళి. నాతో చెప్పలేదు. టేబుల్ మీద నీళ్ళ చెంబు కింద పెట్టింది. వాల్వ్ ఇంకా సన్నబడిందట. తొందర లేదు, కానీ ఎన్నాళ్ళో ఆగదు అని రాశాడు.

కాగితం ఇంకా పానాల కిందే ఉంది.

జూన్ 21, శనివారం

ఇవాళ కుదరలేదు. బాయిలర్ అడుగు మడ్డి వదిలే బ్లోడౌన్ పని ఎక్కువగా ఉంది. అంత ఎక్కువేం లేదు.

జూన్ 22, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్క మాట వదిలినా మళ్ళీ నా పాత పద్ధతే అవుతుంది.

వేషధారుల మీద బోధించాను. మండిపడ్డాను. అక్షరం అమ్ముకునేవాళ్ళనీ, చిన్న అక్షరాల్లో ఉరి వేసేవాళ్ళనీ ఏకిపారేశాను. జనం ఊగిపోయారు. ఒకరిని తిట్టడంలో ఇంత సుఖముందని నాకు ముందే తెలుసు, ఇవాళ ఆ సుఖం గొంతులో పుల్లగా తగిలింది.

ఆమెన్ లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నాదీ ఒక చిన్న సాక్ష్యం! నాకు బీపీ ఉండేది. అమ్మగారి సాక్ష్యం విన్నాక, విశ్వాసం ఉన్నవాడికి మాత్రలెందుకని మానేశాను. పోయిన నెలనుంచి ఒక్కటి మింగితే ఒట్టు! తల కొంచెం తిరుగుతోంది, అదంతా ఆత్మ పని. మీరు వాల్వ్ సాక్ష్యం చెప్పండి, అందరి నమ్మకం గట్టిపడుతుంది!"

అతని మొహం ఎర్రగా ఉంది. మెడమీద నరం కొట్టుకుంటోంది. ఎర్రగీత దాటిన ప్రెషర్ గేజిని నేను దూరం నుంచే గుర్తుపడతాను.

వద్దు అనాలి. మాత్రలు వేసుకో అనాలి. నోరు తెరిచాను. నోరు దాని దారిన అది వెళ్ళిపోయింది. వాల్వ్ మూసుకుపోవడం, ఉపవాసం, మొర, వెలుతురుకి పెట్టిన ఫోటో. అరిగిన దారిలో బండి చక్రంలా దొర్లిపోయింది. కళ్ళజోడు కూడా తీయించాను.

"డాక్టరు ఒకటే మాట అన్నాడు..." అన్నాను. అందరూ ఊపిరి బిగబట్టారు. "తగ్గింది!"

హాలు లేచింది. చేతులు లేచాయి.

ఆ హోరులో ఆడవాళ్ళ వరసలో ఆవిడ కూడా లేచింది. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచింది. అందరూ చూశారు. ఎప్పుడూ లేవని మనిషి. గోల దానంతటదే తగ్గింది, తగ్గింది, ఆగిపోయింది. ఆవిడ ఆయాసం వినిపించింది. మైకు అక్కర్లేకుండా వినిపించింది.

"పోలేదు" అంది.

నావైపు చూస్తూ నిలబడింది. కోపంగా కాదు. మిగతా వాక్యం మీరే చెప్పాలి అన్నట్టు.

ముందు వరసలో గుమాస్తా అమ్మాయి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. గ్రంథం నా చేతిలోనే ఉంది. అందులో ఏ పేజీ తెరిచినా నాకు చాటు దొరకదని తెలిసిపోయింది.

మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"ఆమెన్" అన్నాను, ఆవిడ మాట నిజమేనని.

వెనక నుంచి ఎప్పుడూ వచ్చే ఆమెన్ రాలేదు. నిలబడి ఉన్న ఏజెంటు నోరు తెరుచుకునే నెమ్మదిగా కూర్చున్నాడు.

మెట్లు దిగి అతని దగ్గరికి వెళ్ళాను. "మాత్రలు ఎక్కడున్నాయి?"

"ఇంట్లోనండీ."

"ఇప్పుడే వెళ్ళు. నేను చెప్పానని మానేశావుగా, నేనే చెప్తున్నాను, డాక్టరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టు."

"మరి అమ్మగారు..."

"ఆవిడా వేసుకుంటుంది. రెండు పూటలా."

నా మొహంలోకి అతను చూసిన చూపు నేనిక్కడ రాయను. రాయాలి. కుళ్ళిన పండులో సగం కొరికాక చూసే చూపు. సరిగ్గా నాకు తగినది.

జూన్ 23, సోమవారం

పానాల కింద నుంచి కాగితం తీసి గడి నింపాను. నూనె మరక పడింది. గుమాస్తా అమ్మాయి తీసుకుని, చదివి, ముద్ర కొట్టింది. వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది. "పిన్నిగారు జాగ్రత్త బాబాయిగారూ" అని మాత్రం అంది.

బావమరిది వచ్చాడు. ఎగతాళి చేస్తాడేమోనని చూశాను. చెయ్యలేదు. అదింకా బాగాలేదు.

జూన్ 29, ఆదివారం

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. బోధ చిన్నది. ఏజెంటు రాలేదు. మాత్రలు మొదలుపెట్టాడని, నా పేరు ఎత్తితే మాత్రం మొహం తిప్పుకుంటున్నాడని వాళ్ళింటి పక్కావిడ చెప్పింది. మొదటి ముక్క చాలు నాకు.

జూన్ 30, సోమవారం

ఆఖరి రోజు. దండ వేశారు, టీ ఇచ్చారు, పంపేశారు.

అర్జీకి జవాబు సాయంత్రం వచ్చింది. ఒప్పుకున్నారు. వాల్వ్‌కి ఎదురుచూపు లేదు. కానీ ప్రీమియం పెంచారు. అయిదో వంతు మన జేబులోంచే. గది అద్దెకి హద్దు, అంటే కిటికీ ఉన్న గది రాదు. గుండె ఆపరేషన్‌కి ఒక హద్దు, దానిమీద ఇంకో హద్దు. ముసలాళ్ళు కదా, ఎక్కడికి పోతారు అన్న ధీమా ప్రతి గీతలోనూ ఉంది. అసహ్యం. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

మాత్రల పట్టీ ఇప్పుడు కిటికీ గట్టు మీద ఉంటోంది. బొత్తాల డబ్బాలో బొత్తాలే ఉన్నాయి.

"మొత్తం చదవండి" అంది ఆవిడ, మిషన్ ఆపి. "పైకి చదవండి. నక్షత్రాలతో సహా."

నిలబడి చదివాను. కూర్చుని పైకి చదవడం నాకు చేతకాదు. మొదట విసుగ్గానే మొదలుపెట్టాను, మూడో షరతు దగ్గరికి వచ్చేసరికి గొంతు తనంతట తనే లేచింది, చెయ్యి కూడా లేచింది. చీమ అక్షరాలన్నీ, ఒక్కటీ వదలకుండా, గది అద్దె దగ్గర్నుంచి అయిదో వంతు దాకా, వీధిలోకి వినపడేలా చదివాను.

అయిపోయాక ఆవిడ ఒక దారప్పోగు ఏరి పారేసి, "ఆమెన్" అంది.